అడగకుండానే ఎక్కాల్సిన పేర్లు: ఉత్తర తెలంగాణ పీఎఫ్ అధికారులకు, యజమానులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన భవిష్య నిధి (పీఎఫ్) అధికారులకు, కార్మిక శాఖ అధికారులకు, పనులను కాంట్రాక్టుకిచ్చే ప్రభుత్వ, ప్రైవేటు సంస్థల పెద్దలకు,

నమస్కారం. హనుమకొండలో చిన్నా పెద్దా సంస్థలకు జీతాల లెక్కలు రాసి, నెలనెలా పీఎఫ్ చలాన్లు కట్టించడం నా వృత్తి. పోయినేడు కొందరు ఆస్పత్రి కార్మికులతో కలిసి ఒక అర్జీ పెట్టాం. ఏళ్ల తరబడి పని చేస్తున్నా పీఎఫ్‌లో వాళ్ల పేర్లు లేవని, కొందరివి సగం కాలానికే ఉన్నాయని, విచారణ జరపమని కోరాం. నియామక పత్రం, జీతం చీటీలు జత చేయమని జవాబొచ్చింది. పీఎఫే కట్టనివాడు నియామక పత్రం ఎందుకిస్తాడు? ఆ మాటే తిరిగి రాసి పంపాం. కొన్నాళ్లకు ఆన్‌లైన్‌లో చూస్తే మా ఫిర్యాదు ఎదురుగా 'పరిష్కరించబడింది' అని ఉంది. ఎవరి పేరూ ఎక్కలేదు, ఎవరినీ పిలవలేదు. అందుకే ఇక నలుగురి ముందు రాస్తున్నాను.

ఏ ఆస్పత్రి, ఏ కార్యాలయం అన్నది ఇక్కడ చెప్పను. ఒక్కచోటి సంగతైతే అక్కడికే పోయి తేల్చుకునేవాళ్లం.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1952లో భవిష్య నిధి చట్టం వచ్చినప్పుడు ఆరు పరిశ్రమలకే వర్తించేది. వాటిలో బట్టల మిల్లులూ, కాగితం మిల్లులూ ఉన్నాయి. మన ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ కాగితం మిల్లు లాంటివాటి కోసం రాసిన చట్టమన్నమాట. అప్పట్లో 50 మంది ఉన్నచోట మొదలైన లెక్క 1960లో 20కి దిగింది. ఇప్పుడదంతా, పాత కార్మిక చట్టాలు కొన్నిటిని కలిపి తెచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోకి చేరుతున్నా 20 మంది అన్న గీత మారలేదు. ఒకసారి వర్తించాక, తర్వాత మనుషులు 20 కంటే తగ్గినా చట్టం వదలదు. శాఖలు, విభాగాలు ఎన్ని ఉన్నా అన్నీ ఒకే సంస్థ కింద లెక్క. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లూ ఉద్యోగులే. జీతం 15,000 లోపు ఉంటే పనిలో చేరిన రోజు నుంచే సభ్యత్వం. ఇది కార్మికుడు దరఖాస్తు పెట్టుకుంటే వచ్చేది కాదు. పేరెక్కించే బాధ్యత పూర్తిగా యజమానిది.

బ్రిటన్‌లో 2012 అక్టోబర్ నుంచి ఇలాంటి పద్ధతే తెచ్చారు. ఒక్క ఉద్యోగి ఉన్నా సరే, 22 ఏళ్లు నిండి ఏడాదికి 10,000 పౌండ్లు దాటి సంపాదిస్తుంటే యజమాని తానే పింఛను పథకంలో చేర్చాలి. వద్దనుకుంటే కార్మికుడు నెలలోపు బయటికి రావచ్చు గానీ, సుమారు మూడేళ్లకోసారి యజమాని మళ్లీ చేర్చాల్సిందే. బయటికి పొమ్మని ఒత్తిడి చేయడం చట్టవిరుద్ధం. మన దగ్గర 15,000 లోపువాళ్లకు బయటికి వచ్చే దారే లేదు. అంటే ఈ ఒక్క విషయంలో కాగితం మీద వాళ్లకంటే మనదే గట్టి చట్టం. మరి హనుమకొండ నక్కలగుట్టలోనో, కరీంనగర్ బస్టాండు వెనకో ఒక కార్మికుణ్ని ఆపి, పీఎఫ్‌లో మనిషికి ఎప్పటికీ ఒకటే ఉండాల్సిన నంబరు గురించి 'నీ యూఏఎన్ ఎంత?' అని అడిగి చూడండి. 'అదేంది సార్?' అని మిమ్మల్నే అడుగుతాడు.

మా అర్జీలో సంతకం పెట్టినవాళ్లలో ఒకామె సంగతి చెబుతాను. ఆస్పత్రిలో ఊడ్చి తుడిచే పని, పదమూడేళ్లుగా. నా దగ్గరికొచ్చి సంచిలోంచి మూడు ఐడీ కార్డులు తీసి బల్లమీద పెట్టింది. మూడింటి మీదా ఆస్పత్రి గుర్తు ఒకటే, కింద ఏజెన్సీ పేర్లు మూడు. మొదటి ఏజెన్సీ పీఎఫే కట్టలేదు. రెండోది కట్టింది గానీ ఆ ఖాతాకు ఉన్న ఫోన్ నంబరు సూపర్‌వైజరుది. అతను మానేసి పోయాక ఓటీపీలన్నీ అతనికే పోతున్నాయి. మూడోది పాత నంబరు ఉందా అని అడక్కుండా కొత్త యూఏఎన్ తెరిచింది. ఇంటిపేరు ఆధార్‌లో ఒక తీరు, పీఎఫ్‌లో ఇంకో తీరు ఉండటంతో రెండు ఖాతాలూ కలవడం లేదు. రెండూ కలిపినా తేలేది ఆరేళ్లే.

అంతటితో పోలేదు. పీఎఫ్ ఆఫీసుకు పేర్లవారీగా నెలనెలా వేసే ఆన్‌లైన్ లెక్కను ఈసీఆర్ అంటారు. అందులో ఎన్‌సీపీ డేస్ అని ఒక గడి ఉంటుంది, జీతం లేని దినాలు రాసేది. ఆమె పేరు ఎదురుగా ప్రతి నెలా 11 అని ఉంది. నెలకు 26 దినాలు డ్యూటీ చేసిన మనిషికి ప్రతి నెలా పదకొండు దినాల గైర్హాజరు! ఆ గడిలో అంకె పెరిగితే జీతం తక్కువ చూపొచ్చు, చందా తక్కువ కట్టొచ్చు. ఆస్పత్రి హాజరు పుస్తకంలో మాత్రం నిండా సంతకాలే. వచ్చే ఏడాది ఆమెకు 58 నిండుతాయి. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. 'ఇంకెన్ని దినాలు చెయ్యాలె సార్?' అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మామూలు మనుషుల మీద ఇదంతా ఎట్లా పడుతున్నదో ఇక వరుసగా రాస్తాను.

1. పింఛను పోతుంది. పై ఆమెకు చివరి అయిదేళ్ల సగటు జీతం 10,500 అనుకుందాం. పదమూడేళ్లూ సరిగా కట్టి ఉంటే 10,500ను 13తో గుణించి 70తో భాగిస్తే నెలకు 1,950 రూపాయలు బతికున్నంతకాలం వచ్చేవి. ఇప్పుడు ఒకేసారి కొంత సొమ్ము చేతిలో పెట్టి పంపుతారు. 1,950తో ఏమొస్తుందని కొందరు నవ్వుతారు. బీపీ, షుగర్ గోళీలు ప్రతి నెలా కొనే ముసలివాళ్లనడిగితే ఆ డబ్బు విలువ చెబుతారు.

2. యజమాని వాటా పోతుంది. నెలకు 12,000 జీతం మీద కార్మికుడిది 1,440, యజమానిది 1,440. యజమాని వాటాలో దాదాపు వెయ్యి పింఛను పద్దుకు, 440 పీఎఫ్‌కు. పేరెక్కించకపోతే ఎనిమిదేళ్లలో యజమాని మిగుల్చుకునేది వడ్డీ కాకుండానే 1,38,240 రూపాయలు. చెయ్యని దొంగతనానికి మనిషిని గేటు దగ్గర తడిమి చూసే చోట, ఈ లెక్క ఎవరూ తియ్యరు.

3. ఇంటి పెద్ద చనిపోతే కుటుంబానికి ఏమీ ఉండదు. సర్వీసులో ఉండగా సభ్యుడు చనిపోతే, ఒక్క నెల చందా పడి ఉన్నా భార్యకు పింఛను వస్తుంది, నెలకు కనీసం 1,000. పిల్లలిద్దరికి 25 ఏళ్లు వచ్చేదాకా వేరే పింఛను. పీఎఫ్‌తో పాటే ఉండే ఈడీఎల్‌ఐ అనే జీవిత బీమా 7 లక్షల దాకా, దానికి కార్మికుడు పైసా కట్టనక్కర్లేదు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో, రైసుమిల్లుల బెల్టుల దగ్గర పని చేసేవాళ్లకు ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? ప్రమాదం జరిగిన రాత్రి పెద్దమనుషులు కూర్చుని ఎంతో కొంతకు మాట తెంచుతారు. ఆ మాటల్లో పీఎఫ్ ఊసే రాదు, ఎందుకంటే పుస్తకంలో ఆ పేరే లేదు.

4. రెండు వాటాలూ కార్మికుడి జీతంలోంచే కోస్తున్నారు. 'నీ పీఎఫ్ మేమే కడుతున్నం' అని చెప్పి 24 శాతం అతని దగ్గరే పట్టుకునే ఏజెన్సీలున్నాయి. యజమాని వాటాను కార్మికుడి జీతంలోంచి తియ్యడాన్ని చట్టం పేరుపెట్టి మరీ నిషేధించింది.

5. 15,000 గీత పైన ఆట ఆడుతున్నారు. ప్రైవేటు కాలేజీల్లో, స్కూళ్లలో బేసిక్ 15,050 అని రాసి 'నీకు వర్తించదు' అంటున్నారు. ఆ టీచరు ఇంతకుముందే ఎక్కడైనా సభ్యురాలై, ఆ సొమ్ము తీసుకోకుండా ఉంటే, జీతం ఎంతైనా సభ్యత్వం కొనసాగాల్సిందే. అది తెలుసుకోవడానికే పనిలో చేరేటప్పుడు నింపే ఫారం 11. మా వైపు ఆ ఫారం మీద ఖాళీగానే సంతకం తీసుకుని ఫైల్లో పెడతారు. జీతం తక్కువున్న చోట మరో ఎత్తు: బేసిక్ తగ్గించి మిగతాది రకరకాల అలవెన్సుల కింద రాయడం. అందరికీ ఒకే తీరుగా ఇచ్చే అలవెన్సులు కూడా పీఎఫ్ లెక్కలోకి వస్తాయని 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మా దాకా ఇంకా రాలేదు.

6. సంస్థను ముక్కలు చేస్తున్నారు. ఒకే ఆవరణ, ఒకే యజమాని, ఒకే క్యాష్ కౌంటర్. ల్యాబ్ ఒక పేరు మీద, మందుల దుకాణం భార్య పేరు మీద, క్యాంటీన్ బామ్మర్ది పేరు మీద. ఎక్కడ చూసినా పందొమ్మిది మందే.

సిరిసిల్ల సంగతి వేరుగా చెప్పాలి. అక్కడ సాంచాలు (మరమగ్గాలు) నాలుగైదు చొప్పున ఆసాముల, అంటే చిన్న సొంతదారుల షెడ్లలో ఉంటాయి. నూలు యజమాని దగ్గర్నుంచి వస్తుంది, బట్ట యజమానికే పోతుంది. కార్మికుణ్ని లెక్కపెట్టేటప్పుడు మాత్రం షెడ్డు వారీగా లెక్కపెడతారు. అప్పుడు 20 ఎక్కడా దాటదు. ప్రభుత్వమే చీరల ఆర్డరిచ్చి ఆ బట్ట కొన్నప్పుడైనా, నేసినవాడి పేరు ఎక్కడో ఒకచోట ఎక్కాలి కదా?

చెయ్యలేమని అనకండి. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, నిర్మల్ వైపు పోతే ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు పీఎఫ్ నంబర్లున్నాయి. బీడీ పరిశ్రమను 1977లో పీఎఫ్‌లోకి తెచ్చారు. ఇంట్లో చుట్టేవాళ్లు మా ఉద్యోగులే కాదని కంపెనీలు సుప్రీంకోర్టు దాకా పోతే, వాళ్లూ ఉద్యోగులేనని 1985లో కోర్టు తేల్చింది. రాష్ట్రం వచ్చాక బీడీ కార్మికులకు భృతి ఇచ్చినప్పుడు అధికారులు అడిగిందీ ఆ పీఎఫ్ నంబరునే. ఆకు ఒకచోట, తంబాకు ఒకచోట, మనిషి ఇంకొకచోట ఉండే పనిలోనే పేరెక్కింది. రోజూ వేలిముద్ర వేసి లోపలికి పోయే ఆస్పత్రిలో, మాల్‌లో, కాలేజీలో ఎక్కకపోవడానికి కారణమేంటి?

కార్మికులే వద్దంటున్నారని యజమానులు చెబుతారు. అది అబద్ధం కాదు. 'కటింగ్ వద్దు సార్, చేతికియ్యుండ్రి' అన్నవాళ్లను నేనూ చూశాను. పన్నెండు వేల జీతంలో 1,440 పోతే కిరాయి కట్టాలా, పిల్లల ఫీజు కట్టాలా అన్నది వాళ్ల బాధ. అయితే కటింగ్ వద్దన్నవాళ్లెవరూ యజమాని వాటా వద్దనలేదు. అట్లా ఒకటుందని వాళ్లకెవరూ చెప్పలేదు. అవసరం ఇవాళ్టిది, ముసలితనం రేపటిది. ఇవాళ్టి అవసరమే గెలుస్తుందని తెలిసే చట్టం ఈ విషయంలో ఇష్టాయిష్టాలకు చోటివ్వలేదు. అటల్ పెన్షన్ యోజన, శ్రమయోగి మాన్‌ధన్ లాంటి స్వచ్ఛంద పథకాలు ఉండనే ఉన్నాయి కదా అంటే, అవి ఉండటం మంచిదే. కానీ వాటిలో యజమాని రూపాయి వెయ్యడు.

ఇక ప్రభుత్వ రాయితీల సంగతి. వదిలేసిన పేర్లను ఎక్కించమని 2017లో ఒకసారి అవకాశమిచ్చారు, జరిమానా ఏడాదికి రూపాయి. మళ్లీ 2025 నవంబర్ 1 నుంచి ఆరు నెలలకు ఉద్యోగుల నమోదు పథకం పెట్టారు. 2017 జులై 1 నుంచి 2025 అక్టోబర్ 31 మధ్య చేరి పేరెక్కనివాళ్లను ఎక్కిస్తే చాలు, కోయని కార్మికుడి వాటా మాఫీ, జరిమానా వంద రూపాయలు. కొత్తగా చేర్చుకుంటే యజమానికే నెలకు 3,000 దాకా ఇచ్చే ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కూడా నడుస్తున్నది. వీటిని నేను తప్పుపట్టను. కానీ అన్నీ యజమాని ముందుకొస్తేనే కదిలేవి. నేను అడిగిన కార్మికుల్లో ఒక్కరికీ ఆ నమోదు పథకం పేరు తెలియదు.

ఇంకొక భయం. పాత బాకీ మీద విచారణ మొదలుపెట్టడానికి సామాజిక భద్రతా కోడ్ ఐదేళ్ల గడువు పెట్టింది. ఫిర్యాదును మూసేసిన ప్రతి నెలా అటు చివర ఒక నెల సర్వీసు మునిగిపోతుందని దీనర్థం. ఆలస్యం ఇప్పుడు ఉచితం కాదు, దాని ఖర్చు కార్మికుడే కడుతున్నాడు.

మేం కోరేవి ఇవి.

1. కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్‌ఐ జాబితాను, పీఎఫ్ జాబితాను పక్కపక్కన పెట్టండి. ఈఎస్‌ఐ పది మందికే వర్తిస్తుంది, 21,000 జీతం దాకా. రెండూ ఒకే కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ కిందివి. ఈఎస్‌ఐలో 45 మందిని చూపి పీఎఫ్‌లో 14 మందిని చూపిన సంస్థ ఎవరూ అర్జీ పెట్టకుండానే బయటపడుతుంది. అర్జీ పెట్టినవాడి ఉద్యోగం పోతుంది కాబట్టి ఇదే అన్నిటికంటే ముందు జరగాలి.

2. కాంట్రాక్టరు బిల్లు పాస్ చేసే ముందు పేర్లతో సహా ఈసీఆర్ చూడండి. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమానే కట్టి అతని బిల్లులోంచి పట్టుకోవాలని నిబంధన ఇప్పటికే ఉంది. నెల ముగిసిన ఏడు రోజుల్లో కాంట్రాక్టరు కోతల పట్టిక ఇవ్వాలనీ ఉంది. మున్సిపాలిటీలు, ప్రభుత్వ ఆస్పత్రులు, యూనివర్సిటీలు, విద్యుత్ సంస్థలు ముందు తమ గడపలో ఇది మొదలుపెట్టాలి. చలాన్ మొత్తం ఒక్కటే చూసి సంతకం పెట్టవద్దు. ఆ మొత్తంలో వేరే ఊరి వేరే పని మనుషుల పేర్లుంటాయి.

3. ఏజెన్సీ మారినా యూఏఎన్ మారకూడదు. టెండరు పత్రంలోనే పాత కార్మికుల యూఏఎన్ జాబితా జత చేయండి. వాళ్ల సర్వీసు కొనసాగించడం కొత్త ఏజెన్సీకి షరతుగా పెట్టండి.

4. ఆధారాలు తెమ్మని కార్మికుణ్ని పంపేయవద్దు. పీఎఫ్ బాకీ తేల్చే ఏడు-ఏ సెక్షన్ విచారణలో రికార్డులు తెప్పించే, సాక్షుల్ని పిలిపించే సివిల్ కోర్టు అధికారాలు మీకున్నాయి. ఐడీ కార్డు, బ్యాంకు ఖాతాలో పడ్డ జీతం, బయోమెట్రిక్ హాజరు, తోటివాళ్ల వాంగ్మూలం చాలాలి. నియామక పత్రం అందరికీ తప్పనిసరని 2025 నవంబర్ 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పుడు ప్రభుత్వమే చెప్పింది. అది లేకపోవడం యజమాని తప్పు కింద రాసుకోండి.

5. ఫిర్యాదును 'పరిష్కరించబడింది' అని మూసేముందు ఏం చేశారో తెలుగులో రెండు వాక్యాలు రాయండి. ఫిర్యాదు చేసినవాళ్ల పేర్లు యజమానికి పంపకండి.

6. ప్రతి నెలా 27న జిల్లాల్లో జరిగే 'నిధి ఆప్‌కే నికట్' శిబిరాన్ని ఏదో హాల్లో ఉదయం పదకొండింటికి పెడితే డ్యూటీలో ఉన్నవాడు రాలేడు. ఎనుమాముల మార్కెట్ పక్కన జిన్నింగు మిల్లుల దగ్గర, గీసుకొండ వైపు టెక్స్‌టైల్ పార్కు గేటు దగ్గర, సిరిసిల్లలో షిఫ్టు మారే వేళకు పెట్టండి. పేరు తేడాలు, ఫోన్ నంబరు మార్పులు అక్కడికక్కడే సరిచేయండి. సగం గోస అక్కడే తీరుతుంది.

7. సిరిసిల్ల సాంచాల మీద ఎవరి నూలు, ఎవరి బట్ట అన్నది పట్టుకుని అసలు యజమానిని తేల్చండి. బీడీకి చేసినట్టే.

8. మా అర్జీని తిరిగి తెరవండి. ఐదేళ్ల గడువు దాటకముందే.

చివరగా నా వృత్తిలోని మిత్రులకు ఒక మాట. ఒక సంస్థ మూడు సంస్థలెట్లా అవుతుందో, ఎన్‌సీపీ గడిలో ఆ అంకె ఎవరు వేస్తారో మనకు తెలుసు. అది యజమాని చేత్తో పడదు, మన కీబోర్డు మీదే పడుతుంది. హాజరు పుస్తకం చూపిస్తే తప్ప ఆ గడి నింపేది లేదని యజమానులకు చెప్పండి. కోసిన పీఎఫ్ కట్టకపోతే క్రిమినల్ కేసు అవుతుందన్నది వాళ్లకు గుర్తు చేయండి.

ఈ లేఖ ప్రతులను వరంగల్, హనుమకొండ, కరీంనగర్, రాజన్న సిరిసిల్ల జిల్లాల కలెక్టర్లకు కూడా పంపుతున్నాం. ఏ కోరికపై ఏం చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో నెల రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం. మా అర్జీలో సంతకాలు పెట్టినవాళ్లలో ఇద్దరికి ఈ ఏడాదిలోనే 58 నిండుతాయి. వాళ్ల ఫైళ్లు ముందు చూడండి.

ఇట్లు,
హనుమకొండలో జీతాల లెక్కలు రాసే ఒక అకౌంటెంట్,
అర్జీలో సంతకాలు చేసిన ఆస్పత్రి కార్మికుల తరఫున